శ్రవణం కూడా అభ్యాసమే: పెద్దలకు వేసవి సంగీత, చలనచిత్ర రసాస్వాదన తరగతులు

గురుకులంలో నేర్చిన చదువులో ఉత్తమమైనది ఏదో చెప్పుమని హిరణ్యకశిపుడు అడిగినప్పుడు బాల ప్రహ్లాదుడు తొమ్మిది విధాల భక్తిని వివరించాడు. వ్యాసభాగవతం సప్తమస్కంధంలోని ఆ వరుసలో మొట్టమొదట నిలిచినది శ్రవణం. కీర్తనం దాని తరువాతిది. పాడడానికి గురువు కావాలని మనమందరం ఒప్పుకుంటాము. వినడానికి మాత్రం చెవులుంటే చాలునని భావిస్తాము. ప్రతి ఉదయం ఆలయ మైకులో వినిపించే కీర్తన ఎవరిది, ఏ సేవకు సంబంధించినది, నిన్నటి పాటకూ నేటి పాటకూ పోలిక ఏమిటి అని అడిగితే, ముప్పై ఏళ్లుగా క్రమం తప్పక దర్శనానికి వచ్చే వారు సైతం “మాకు సంగీతం రాదండీ” అని నవ్వి తప్పుకుంటారు. ఆ మాట నిజం కాదు. వారికి వచ్చు. తమకు వచ్చునన్న సంగతి వారికి తెలియదు.

వినడం ఎంతటి విద్యయో శ్రీమద్రామాయణం ఆరంభంలోనే కనిపిస్తుంది. బాలకాండ నాల్గవ సర్గలో వాల్మీకి తన కావ్యాన్ని కుశలవులకు నేర్పుతాడు. అది చదువుకొనుటకూ పాడుకొనుటకూ మధురమైనదనీ, ఏడు జాతులతో కూడినదనీ, వీణాతంత్రి లయకు ఒదిగినదనీ మహర్షి అక్కడ చెబుతాడు. పిల్లలిద్దరూ మునుల సభలో పాడగా విన్నవారి కన్నులు చెమర్చాయి. ఎప్పుడో జరిగిపోయిన కథ కన్నుల ముందు జరుగుతున్నట్లు ఉన్నదని వారు మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. ఒక ముని కలశమిచ్చాడు, మరొకరు నారచీర ఇచ్చారు, కృష్ణాజినం ఇచ్చినవారున్నారు, కమండలం ఇచ్చినవారున్నారు, చివరకు గొడ్డలి ఇచ్చినవారూ ఉన్నారు. వనవాసులు కదా, ఎవరి వద్ద ఏది ఉంటే అది ఇచ్చారు. కళకు దానమిచ్చే సంప్రదాయానికి ఇంతకన్న ప్రాచీనమైన చిత్రం మన సాహిత్యంలో అరుదు.

తరువాత శ్రీరాముని వంతు వస్తుంది. ఆ బాలుర గానాన్ని వింటూ ఆయన మెల్లగా సభలోని వారి మధ్యకు చేరాడని శ్లోకం. సింహాసనం దిగి, అందరితో సమానంగా కూర్చుంటేనే గానం చక్కగా అనుభవానికి వస్తుందని ఆయన భావించినట్లు వ్యాఖ్యాతలు వివరించారు. రసాస్వాదన తరగతి అంటే ఏమిటని అడిగిన వారికి ఈ ఒక్క ఘట్టం చెబితే చాలు.

ఇటువంటి తరగతులకు జమ్మికుంట ప్రాంతంలో వేసవి ఎందుకు తగినదో ఇక్కడి రైతు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. పత్తి ఏరడం ఎప్పుడో ముగుస్తుంది. యాసంగి వరి కోతలై ధాన్యం కల్లం దాటిన తరువాత మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడేదాకా కొన్ని వారాల తెరపి దొరుకుతుంది. రోహిణి కార్తె ఎండలో పగలు ఎవరూ బయటికి రారు. పొద్దు వాలిన తరువాత మాత్రం అరుగుల మీద, వేపచెట్ల కింద జనం చేరుతారు. అపర భద్రాద్రిగా పేరొందిన ఇల్లందకుంట శ్రీ సీతారామచంద్రస్వామి సన్నిధిలో నవమి కల్యాణం చూసి వచ్చిన మనసులు ఇంకా ఆ పాటలతోనే నిండి ఉంటాయి. పిల్లలకు వేసవి శిబిరాలు పెట్టాలని అందరికీ తోస్తుంది. మనుమడిని శిబిరంలో దింపి వచ్చిన తాతగారికీ, అమ్మమ్మగారికీ ఆ సాయంత్రం ఏమి నేర్పగలమని ఆలోచించేవారు తక్కువ.

సంగీత కళాశాలలో నేర్పే పాఠం వేరు. హైదరాబాదులోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల, వరంగల్లులోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటివి గాయకులను, వాద్యకారులను, నర్తకులను తయారు చేస్తాయి. రసాస్వాదన తరగతి శ్రోతను తయారు చేస్తుంది. అరవై ఏళ్ల వయసులో గొంతు పలకకపోవచ్చును గాని చెవి పలుకుతుంది.

మొదటి సాయంత్రం శ్రుతితో ప్రారంభించాలి. శ్రుతిపెట్టెనో తంబురనో పది నిమిషాలు మోగించి, ఎవరూ మాట్లాడకుండా వినమంటే చాలు. ఆ తరువాత పాట మొదలైనప్పుడు గొంతు ఎక్కడ ఆధారషడ్జాన్ని తాకిందో, ఎక్కడ విడిచి వెళ్లిందో అందరూ చేయి ఎత్తి చూపగలుగుతారు. లయ విషయంలో మన పల్లెల పెద్దలకు గురువు అవసరం అంతగా లేదు. చిరతల రామాయణం ఆడినవారు, ఒగ్గుకథకుల డోలు వింటూ పెరిగినవారు, శనివారం భజనలో తాళాలు పట్టినవారు దానిని ఒంటితోనే ఎరుగుదురు. వారి చేయి వేసే దెబ్బలకు పేరు చెప్పడమే అధ్యాపకుని పని. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపై రెండుసార్లు దెబ్బ, విసురు. ఇంతకాలం తాము చేసినది శాస్త్రమేనని తెలిసిన క్షణంలో ఆ ముఖాలలో కలిగే వెలుగు చూడదగినది.

రాగాలను జాబితాగా వల్లె వేయించడం మాత్రం కూడదు. మోహన ఒక్కటి చాలు. సరిగపధ అనే ఐదు స్వరాలు గుర్తుపట్టగలిగితే, ఆ పోలిక కీర్తనలలోనూ, పొలం పాటలలోనూ, పాత సినిమా పాటలలోనూ వారే వెతికి తెస్తారు. కచేరీ ముగింపులో తరచుగా వినిపించే మధ్యమావతిని రెండవదిగా వినిపించవచ్చును.

భక్తులకు మరింత సన్నిహితమైనది త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల పాఠం. 1767 నుండి 1847 వరకు జీవించిన ఆ మహనీయుడు తిరువయ్యారులో తన ఇంటి పూజామందిరంలోని శ్రీరామునికి మేలుకొలుపు మొదలుకొని ఆరగింపు, ఊయల, పవళింపు వరకు సేవలన్నింటికీ తేట తెలుగులో కీర్తనలు కూర్చాడు. ఏ కీర్తన ఏ సేవకు చెందినదో వరుసగా వినిపిస్తే, ఆలయంలో రోజూ జరిగే ఉపచారాల క్రమం చెవి ద్వారానే బోధపడుతుంది. మేలుకొలుపు పాటను మధ్యాహ్నం వేళ మైకులో వేసే పొరపాటు కూడా, మన ఆలయాల్లో అప్పుడప్పుడూ జరిగేదే, అప్పుడు తగ్గవచ్చును.

అన్నమయ్య విషయంలో భక్తులు తప్పక తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. 1408 నుండి 1503 వరకు జీవించిన తాళ్లపాక అన్నమాచార్యుల పదాలు తిరుమల సంకీర్తన భాండారంలో రాగిరేకులపై లభించాయి. ఆయన రచించినవి 32,000 అని సంప్రదాయం చెప్పగా, దొరికినవి సుమారు 14,000. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. రేకులపై పదానికి రాగం పేరు ఉన్నది గాని స్వరం లేదు. కనుక ఈనాడు మనం వినే వరుసలలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి వారు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ కృషికి ఆద్యులు. ఒకే పదం రెండు రాగాలలో వినిపించినప్పుడు “ఇది అసలుది, అది కాదు” అని భజన మండపంలో వాదులాడుకున్న పెద్దలను నేను చూశాను, నేనూ వాదించాను. సాహిత్యం అన్నమయ్యది, వరుస మన కాలపు విద్వాంసులది అని తెలిసిన తరువాత ఆ వాదానికి చోటు లేకపోయింది. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఏ మాటను ఎలా పైకి తెచ్చిందో వినడం మాకు మిగిలింది.

ఇక చలనచిత్రం. పుణ్యకథకూ సినిమాకూ పొత్తేమిటని కొందరు సందేహింపవచ్చును. తెలుగులో మాటలు నేర్చిన మొదటి చిత్రమే 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. శ్రవణభక్తిని బోధించిన బాలుని కథతోనే మన తెర పలికింది. దానికి పాటలు రచించిన చందాల కేశవదాసు మన ఖమ్మం ప్రాంతపు హరికథకుడు. ఆ చిత్రం ప్రతి నేడు ఎక్కడా లభించడం లేదు. చూచినవారు గతించారు, చూడవలసినవారికి వస్తువే లేదు.

సినిమాను చదువుగా చూడడం మన దేశంలో కొత్త కాదు. 1960లో పుణెలోని పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది, 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది. అక్కడ సతీశ్ బహదూర్, ఆంగ్ల రచయిత్రి మేరీ సీటన్ ప్రారంభించిన రసాస్వాదన తరగతులు వేసవి వేళ ఏటేటా జరుగుతూ, ఉపాధ్యాయులను, ఉద్యోగులను, గృహిణులను కూడా విద్యార్థులుగా స్వీకరించాయి. ఆ ఆవరణలోనే 1936లో ‘సంత్ తుకారాం’ రూపొందింది. దామ్లే, ఫత్తేలాల్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం వెనిస్ ఉత్సవంలో మన్నన పొందింది. మన వైపు కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ కూడా మంచి సినిమాను జిల్లా ప్రేక్షకులకు పరిచయం చేసే పని చేసింది. కనుక జమ్మికుంటకు ఇది దూరపు మాట కాదు.

మన పెద్దలకు మొదట చూపదగినది, నా అభిప్రాయంలో, 1963 నాటి ‘లవకుశ’. సి. పుల్లయ్య 1934లోనే ఈ కథను ఒకమారు తెరకెక్కించారు. అప్పట్లో పల్లెజనం ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్లి చూశారని ప్రసిద్ధి. రెండవమారు ఆయన ప్రారంభించగా కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. డబ్బు కటకటతో మధ్యలో చాలాకాలం ఆగిపోయి, చివరకు తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రంగా వెలువడింది. సంగీతం ఘంటసాల. కుశలవుల గానానికి కంఠమిచ్చినవారు పి. లీల, పి. సుశీల. వాల్మీకిగా కనిపించిన చిత్తూరు నాగయ్య అంతకుముందే పోతన, వేమన, త్యాగయ్య పాత్రలు ధరించి, భక్తకవి అంటే ఇలా ఉంటాడని తెలుగువారి మనసులో ఒక రూపాన్ని నిలిపినవారు.

చిత్రాన్ని మొదట ఏ వ్యాఖ్యానమూ లేకుండా పూర్తిగా చూడనివ్వాలి. కన్నీరు పెట్టుకునేవారిని పెట్టుకోనివ్వాలి. మరునాడు కుశలవులు పాడే ఘట్టాన్ని పది నిమిషాలపాటు శబ్దం లేకుండా చూపాలి. అప్పుడు దృష్టి పాడే పిల్లల మీద మాత్రమే గాక వినేవారి మీద కూడా నిలుస్తుంది. ఎవరి ముఖం దగ్గరగా చూపారు, ఎంతసేపు చూపారు అని అడిగితే వారే చెబుతారు. ఆ తరువాత తెరకు గుడ్డ కప్పి శబ్దం మాత్రమే వినిపించాలి. ఇద్దరు గాయనుల గొంతులలో తేడా ఎక్కడ తెలుస్తున్నదో, రెండూ ఎక్కడ ఒక్కటవుతున్నాయో చెవి పట్టుకుంటుంది. మూడవమారు రెండింటినీ కలిపి చూపితే, నిన్నటి చిత్రమే కొత్తగా కనిపిస్తుంది. బాలకాండలోని ఆ సర్గను అదే సాయంత్రం చదివి వినిపిస్తే, మహర్షి వర్ణించిన సభను దర్శకుడు ఎలా ఊహించాడో పోల్చుకోవచ్చును. కథలో సినిమా కలిపినదేది, కావ్యంలో ఉన్నదేది అనే వివేకం కూడా ఇక్కడే అలవడుతుంది. భక్తచరిత్రల చిత్రాలన్నింటికీ ఈ జాగ్రత్త అవసరం. తెర మీద చూచినదంతా చరిత్ర అని నమ్మి వాదించేవారు మనలో తక్కువ కాదు.

1980లో విడుదలైన ‘శంకరాభరణం’ తరువాతి మెట్టు. కె. విశ్వనాథ్ చిత్రానికి కె.వి. మహదేవన్ సంగీతం కూర్చారు. శాస్త్రీయ సంగీతం గురుముఖంగా అభ్యసించని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అందులోని గానానికి జాతీయ పురస్కారం పొందారు. “మాకు సంగీతం రాదు” అనే వారికి ఈ సంగతి చెవిన వేయడం మంచిది.

దాతలకు రెండు మాటలు. ఈ తరగతులకు పెద్ద ఖర్చు లేదు. ఒక తెర, ఒక ప్రొజెక్టరు, రెండు మంచి స్పీకర్లు, శ్రుతిపెట్టె, పాఠం చెప్పే విద్వాంసునికి గౌరవ సంభావన సరిపోతాయి. ఆలయాలకు లౌడ్‌స్పీకర్లు ఇచ్చే దాతలు ప్రతి ఊరిలో ఉన్నారు, వారికి నమస్కారం. అయితే రసాస్వాదనకు కావలసినది పెద్ద శబ్దం కాదు, స్వచ్ఛమైన శబ్దం. రాత్రి పది గంటల తరువాత బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదన్న నిబంధన ఎలాగూ ఉన్నది. చిత్రాల హక్కుల సంగతి కూడా ముందే చూసుకోవాలి. మన చట్టం ప్రకారం చలనచిత్రానికి హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. పాటల రచనకు, సంగీతానికి లెక్క వేరు. కనుక పాత చిత్రమైనా, కొత్త చిత్రమైనా హక్కుదారుల సంగతి విచారించి, అవసరమైన చోట అనుమతి తీసుకొనిన తరువాతనే నలుగురిలో ప్రదర్శించాలి.

అన్నింటికన్న విలువైన వస్తువు మాత్రం దాతల వద్ద లేదు, విద్యార్థుల వద్దనే ఉన్నది. మంగళహారతులు, బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు, చిరతల రామాయణంలోని దరువులు మన ఇళ్లలోని డెబ్బై, ఎనభై ఏళ్ల స్త్రీపురుషుల నోట ఉన్నాయి. వాటిలో ఏ పుస్తకానికీ ఎక్కనివి, ఏ రేకు మీదా చెక్కనివి ఎన్నో. తొలి తెలుగు చిత్రానికి పట్టిన గతి వాటికీ పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు. అందుచేత తరగతి చివరి అరగంట పూర్తిగా వారిదే కావాలి. రోజుకొకరు తమకు వచ్చిన పాట పాడాలి. పక్కనున్న యువకుడు ఫోనులో దానిని ముద్రించి, పాడినవారి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చుకున్నారో, తేదీతో సహా ఒక పుస్తకంలో రాయాలి. పేరు రాయడానికి సంకోచించేవారు ఉంటారు. “నాది పాటేమిటి” అని తప్పించుకునేవారికి తాళం చేతికిచ్చి మొదట పల్లవి ఒక్కటే అనిపించాలి. చరణాలు వాటంతట అవే వస్తాయి.