మొగము దిద్దు విద్య – మన కర్తవ్యము

2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరు నుండి హైదరాబాదునకు వచ్చుచున్న యొక బస్సు, పెద్దమందడికి పొరుగుననే యున్న కొత్తకోట మండలమందలి పాలెము గ్రామము కడ అగ్నికి ఆహుతియయ్యెను. 45 మంది ప్రాణములు గోల్పోయిరి. ప్రాణములతో బయటపడినవారు కొలదిమంది మాత్రమే. అట్టి మంటలనుండి బ్రతికి బయటపడుటతో మనుజుని కష్టము తీరదు. లోతుగా కాలిన చర్మము మానునపుడు ముడుచుకొనిపోవును. గడ్డము ఱొమ్మున కంటుకొనును, వ్రేళ్లు అరచేతిలోనికి వంగిపోవును. అన్నపు ముద్ద నోటికెత్తలేని చేయి ఉండియు లేనట్టిదే. ఇట్టి వారిని మరల మనుష్యులలో నిలుపు వైద్యశాఖకు ప్లాస్టిక్ సర్జరీ యని పేరు. కాని ఆ పేరు వినగానే మనవారికి సినిమాతారల ముక్కులును, ధనవంతుల విలాసములును మాత్రమే స్ఫురించుచున్నవి. ఈ యపోహవలన నష్టపోవువారు బీదలు.

ప్లాస్టిక్ అను మాటకును మన యిండ్లలోని ప్లాస్టిక్ బిందెలకును ఇచట సంబంధము లేదు. అచ్చునకు దెచ్చుట, రూపు దిద్దుట యను నర్థముగల గ్రీకు పదమునుండి యీ పేరు పుట్టినది. ఇందు రెండు శాఖలు గలవు. పుట్టుకతో గాని, గాయమువలన గాని, వ్యాధివలన గాని చెడిన యవయవమును బాగుచేయునది పునర్నిర్మాణ చికిత్స. ఆరోగ్యవంతమగు నవయవమును ఇచ్ఛానుసారము మార్చునది సౌందర్య చికిత్స. కత్తి యొక్కటే, సూది యొక్కటే; అవసరములు మాత్రము వేఱు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. తెగిన చెవితమ్మెలను అతుకుటకు పదునైదు విధములను, చెక్కిలి చర్మముతో ముక్కును గట్టు పద్ధతిని సుశ్రుతసంహిత వివరించుచున్నది. 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసేనకు ఎడ్లబండి తోలిన కావస్జీ యను మహారాష్ట్రుడు టిప్పు సేనలకు చిక్కి ముక్కును, ఒక చేతిని గోల్పోయెను. ఏడాది గడచిన పిమ్మట పూనా ప్రాంతమున కుమ్మరి కులజుడొకడు వానికి ముక్కు గట్టెను. మైనపు రేకును ముక్కు కొలతకు దిద్ది, దానిని నొసటిపై పఱచి గీత గీసి, ఆ మేర చర్మమును ఒలిచి, కనుబొమల నడుమ నొక పాయను మాత్రము తెంపక క్రిందికి త్రిప్పి అతికెను. కాచును నీట మెత్తపఱచి గుడ్డకు పూసి గాయముపై నుంచెను. ఇరువదియైదవ దినమున ఆ పాయను కోసెను. ఈ వృత్తాంతము 1794లో లండనులోని జెంటిల్మన్స్ మాగజైను పత్రికయందు ప్రకటింపబడెను. దానిని ఆధారముగ గొని జోసెఫ్ కార్పూ యను వైద్యుడు పెక్కేండ్లు సాధనచేసి, 1814లో ఆ నగరముననే యట్టి చికిత్స నెరవేర్చి, 1816లో గ్రంథము ప్రకటించెను.

ఇది గర్వింపదగిన విషయమే. కాని గర్వముతో పాటు సిగ్గును కలుగవలెను. కార్పూ పేరు లోకమెఱుగును. ఆ కుమ్మరి పేరు ఆ కథనమున లేదు. ఒక కులపు చేతివాటముగ మిగిలి పాఠశాలకెక్కని విద్య క్షీణించెను. గ్రంథమునకెక్కిన విద్య మొదటి ప్రపంచయుద్ధ కాలమున గిలీస్ వంటి వైద్యులచేత వేలాది సైనికుల మొగములను దిద్దెను. స్వతంత్ర భారతమున ఈ శాఖకు ప్రత్యేక విభాగము నాగపురమున 1958లో గాని యేర్పడలేదు.

ఆ పూనా వైద్యుడు నొసట నొక పాయను తెంపక విడిచిన కారణమేమి? అందుండి నెత్తురు ప్రవహించును గనుక. ఈ శాస్త్రమునకంతటికిని మూలసూత్ర మిదియే. చర్మమును పలుచగా ఒలిచి వేఱొక చోట నంటించినచో, క్రింది గాయమునుండి అది పోషణ పొందవలెను. ఎముక, నరము బయటపడిన చోట నిది చాలదు. తన నెత్తురునాళముతో గూడిన మందపు కండను, చర్మమును త్రిప్పి తేవలెను. నేడు సూక్ష్మదర్శినితో చూచుచు, తెంపిన నాళములను వెండ్రుకకంటె సన్నని దారముతో కొత్తచోట కలిపి కుట్టుచున్నారు. పొగత్రాగువారికి ఈ నాళములు కుంచించుకొనును గనుక, చికిత్సకు ముందే చుట్టలు, సిగరెట్లు మానవలెను.

ఇక మన పల్లెలలో మిక్కిలి కనబడునది గ్రహణపు మొఱ్ఱి. గ్రహణ సమయమున గర్భిణి బయటకు వచ్చుటచే శిశువు పెదవి చీలునను నమ్మకము ఇంకను పోలేదు. గర్భమున తొలి రెండు మూడు మాసములలో మొగపు భాగములు కలియవలసినచోట కలియకపోవుటయే దీనికి కారణము. ప్రపంచమున సుమారు ఏడువందల శిశువులకొకరికి ఇది సంభవించుచున్నది. తల్లిని నిందించుట అన్యాయము. పెదవిని సుమారు మూడు నుండి ఆరు మాసముల వయస్సులోను, అంగిటిని మాటలు స్థిరపడకముందు, ఒకటిన్నర యేండ్ల లోపలను కుట్టవలెను. ఆలస్యమైనచో మాట ముక్కులో పలుకును. పిదప దిద్దుట కష్టము. పెండ్లియీడు వచ్చిన పిమ్మట చూతమనుకొను తండ్రి, బిడ్డ మాటను తానే పోగొట్టినవాడగును.

కాలిన గాయమునకు తొలి వైద్యము నీరు. ఇరువది నిమిషములు చల్లని పారుడు నీటి క్రింద నుంచి, శుభ్రమగు గుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్పవలెను. సిరా, పేడ, పండ్లపొడి ముద్ద పూయుట గాయమును పాడుచేయుట యగును.

ఖర్చునకు భయపడి వెనుదీయువారు తెలిసికొనవలసిన దొకటి కలదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలుత అమలునకు వచ్చిన మూడు జిల్లాలలో పాలమూరు ఒకటి. పెద్దమందడి నాడు ఆ జిల్లాలోనిదే. గ్రహణపు మొఱ్ఱికిని, కాలి ముడుచుకొనిన యవయవములకును చేయు చికిత్సలు ఆ పథకమున జేరియున్నవి. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రియందు ఈ విభాగము గలదు. వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. దారి యున్నది, చూపువారే కావలెను.

సౌందర్య చికిత్సను మేము గర్హింపము. తన రూపమువలన కుమిలిపోవువాడు దానిని మార్చుకొనగోరుట పాపము గాదు. కాని మచ్చ మిగుల్చని కోత లేదు, అపాయము లేని మత్తు లేదు. కొవ్వు తీయించుకొనుట స్థూలకాయమునకు మందు గాదు. కోయువారికి ప్లాస్టిక్ సర్జరీయందు ఎం.సీహెచ్. వంటి పట్టము గలదా, మత్తు నిచ్చువారెవరు, ప్రాణాపాయము వచ్చినచో నక్కడ తగిన సాధనములున్నవా యని యడిగి తెలిసికొనవలెను. యూట్యూబు చూచియు, కార్యశాలలలో కూర్చుండియు నేర్చిన విద్య కేశారోపణకు చాలదని జాతీయ వైద్య కమిషను 2022లో హెచ్చరించినది. ప్రకటనలను చూచి పరుగెత్తువారు దీనిని గుర్తుంచుకొందురుగాక.

భూస్వాములును, పట్టణవాసులును తమ గ్రామమున చీలిన పెదవితో బడి మానిన బిడ్డ గలదేమో, మంటలో వంగిన చేతితో గడపదాటని యిల్లాలు గలదేమో విచారింపవలెను. అట్టివారిని ఒక్కమారు ఆసుపత్రి వాకిటికి గొనిపోయినచో, ఆ పేరులేని కుమ్మరి ఋణములో కొంత తీర్చినవారమగుదుము.