మంచు ఆగిన మర్నాడు

కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు ఎగువన, పీర్ పంజాల్ శ్రేణికి చెందిన అఫర్వత్ పర్వతం వాలులపై, మధ్యధరా ప్రాంతం నుంచి తేమను మోసుకొచ్చే పశ్చిమ అలజడుల మూలంగా శీతకాలమంతా దఫదఫాలుగా మంచు కురుస్తుంది. గొండోలా అనే తీగమార్గం దాదాపు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది గనుక, స్కీయింగ్ చేసేవారు అక్కడి నుంచి నిర్ణీత మార్గాలను విడిచి, ఎవరూ తొక్కని మంచును వెదుక్కుంటూ పక్క వాలుల్లోకి దిగుతారు. మంచు ఆగి ఎండ కాసిన మర్నాడు వారికి ఎంతో ఆకర్షణీయంగా కనిపించినా, మంచుచరియలు విరిగిపడే ముప్పు అధికంగా ఉండేది తుఫాను వేళలోను, అది ముగిసిన తొలి ఒకటి రెండు రోజుల్లోనే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుపై మంచుచరియ విరిగిపడి పోలండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు మరణించగా, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే ప్రాంతంలో రష్యా స్కీయర్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

కొండపై మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కో హిమపాతం ఒక్కో పొరను మిగిల్చి పోతుంది. మంచు పలచగా ఉండి పైన చలి తీవ్రంగా ఉన్నప్పుడు, కాస్త వెచ్చగా ఉండే నేల నుంచి నీటి ఆవిరి పొరల గుండా పైకి సాగుతూ అడుగు రేణువులను కోణాల స్ఫటికాలుగా మారుస్తుంది. పంచదార పలుకుల వలె ఒకదానితో ఒకటి అతుక్కోని ఈ స్ఫటికాల పొరనే బలహీనపు పొర అంటారు. దానిపై రేణువులు పరస్పరం పెనవేసుకొని గట్టిపడిన పొర ఏర్పడితే అది మంచు పలక అవుతుంది. కింది పొర కూలిన క్షణంలో పగులు వాలు పొడవునా పాకి, పలక మొత్తం ఒక్కసారిగా జారుతుంది.

అటువంటి పలకలను తయారుచేయడంలో గాలి పాత్ర హిమపాతం కంటే తక్కువేమీ కాదు. శిఖరపు అంచుకు ఒక వైపు నుంచి వీచే గాలి అక్కడి మంచును ఊడ్చి, స్ఫటికాలను చిన్న ముక్కలుగా విరిచి, అంచు దాటగానే వేగం తగ్గడంతో రెండో వైపున, అంటే గాలిమరుగు వాలుపై, వాటిని దట్టంగా పేరుస్తుంది. ఈ పేరుడు ఆకాశం నుంచి కురిసే మంచు కంటే అనేక రెట్లు వేగంగా సాగగలదు. పైగా కొత్త మంచు ఒక్క రేణువైనా కురవని నిర్మలమైన రోజున కూడా, పాత పొడిమంచు ఉంటే, బలమైన గాలి కొన్ని గంటల్లోనే సురక్షితమైన వాలును ప్రమాదకరంగా మార్చగలదు. అందువల్ల ఎంత మంచు కురిసిందన్న ప్రశ్నతో పాటు, గాలి దానిని ఎటు తరలించిందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులపై జారుతాయి. స్కీయింగ్‌కు ఇష్టపడే వాలులు కూడా అవే. ప్రాణనష్టం జరిగిన ఘటనల్లో అత్యధికం బాధితుడి బరువు వల్లగాని, అతని బృంద సభ్యుల బరువు వల్లగాని మొదలైనవే కావడం ఆలోచించదగిన విషయం. శిఖరపు అంచు నుంచి శూన్యంలోకి చొచ్చుకొచ్చిన మంచు చూరు, అడుగు వేసినప్పుడు మంచు ఒక్కసారి కుంగుతూ చేసే గుబ్బుమనే శబ్దం, కాలి చుట్టూ పరుగెత్తే పగుళ్లు, పక్క వాలుపై తాజాగా జారిన చరియ, ఇవన్నీ కొండ ముందుగా ఇచ్చే హెచ్చరికలు.

పూడిపోయినవారిని పావుగంటలోపు వెలికితీస్తే అధికులు బతుకుతారు. అరగంట దాటితే ఆ అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. బయటి సహాయం అంత త్వరగా అందదు గనుక, బృందంలో ప్రతి ఒక్కరి వద్దా సంకేతాలు పంపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెదికే పొడవైన కడ్డీ, పార ఉండి తీరాలి. అయితే ఈ పరికరాలు చరియను ఆపలేవు. భారత రక్షణ పరిశోధన సంస్థకు చెందిన చండీగఢ్ కేంద్రం హిమాలయ ప్రాంతాలకు వెలువరించే మంచుచరియల హెచ్చరికలను బయలుదేరే ముందే చదివి, కొత్త మంచు, గాలి రెండూ కలిసిన రోజుల్లో నిటారు వాలులను, వాటి దిగువ మార్గాలను విడిచి 30 డిగ్రీల కంటే తక్కువ వాలులకే పరిమితం కావడం ప్రాణాలను కాపాడే నిర్ణయం.