గొడ్డు ఈగలు - స్విచ్చితో ఆగే కిరణాలు

రేడియేషన్ తగిలిన ఈగలను గాలిలోకి వదులుతారట, అవి మనమీద వాలితే ఏం ప్రమాదమో అని కొందరు భయపడుతుంటారు. ఆ భయం అక్కర్లేదు. విరిగిన చేతికి ఎక్స్‌రే తీయించుకున్నాక ఆ చేతినుంచి కిరణాలు రావు కదా! ఈ ఈగల సంగతీ అంతే. జాగ్రత్త పడవలసింది ఈగల విషయంలో కాదు, కిరణాలిచ్చే లోహం విషయంలో.

స్క్రూవార్మ్ అనే ఈగ పశువుల పుండ్లలో, ఒక్కోసారి మనుషుల పుండ్లలోనూ గుడ్లు పెడుతుంది. పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. ఆ జోడు గొడ్డు మగ ఈగ అయితే గుడ్లు పొదగవు. కరీబియన్ సముద్రంలోని క్యురాసావో దీవిలో 1954లో కోబాల్ట్-60 కిరణాలతో గొడ్డుగా మార్చిన ఈగలను విమానాలనుంచి వదిలి, ఆ పీడను వదిలించారు.

అయితే కోబాల్ట్‌కు స్విచ్చి లేదు. రాత్రింబగళ్లు కిరణాలు వెదజల్లుతూనే వుంటుంది. దాని శక్తి సగానికి తగ్గడానికే అయిదేళ్లు పైగా పడుతుంది. 2010లో ఢిల్లీలోని మాయాపురిలో ఏం జరిగింది? ఒక ప్రయోగశాలలో మూలపడి వున్న గామా పరికరం వేలంలో పాత ఇనుము వర్తకుల చేతికి చేరింది. లోపలి కోబాల్ట్ సంగతి తెలియక విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు.

అందుకే ఇప్పుడు ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్లవైపు చూస్తున్నారు. ఇది విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను మహావేగంగా తరిమే యంత్రం. స్విచ్చి ఆపితే కిరణాలూ ఆగుతాయి. ఎవరైనా దొంగిలించి విప్పినా లోపల కోబాల్ట్ వుండదు. కాని ఎలక్ట్రాన్లు లోతుకు చొరబడలేవు. కనుక ప్యూపాలను పలచగా పరచాలి. లేదా ఎలక్ట్రాన్లను లోహపు పలకకు తాకించి ఎక్స్‌కిరణాలు పుట్టించాలి. కరెంటు నిలకడగా వుండాలి, మరమ్మతు తెలిసినవారూ వుండాలి.

మరి మీరు చేయవలసిందేమిటి? పసుపుమీద నల్లని మూడు రెక్కల గుర్తున్న పెట్టెగాని, అంతుతెలియని బరువైన లోహపు డబ్బాగాని పాత సామాన్లలో కనిపిస్తే ముట్టుకోకండి. పిల్లలను దూరంగా తీసుకుపోయి, 112కు ఫోను చేయండి. అలాంటిది తాకిన వారికి వాంతులైనా, చర్మం కమిలినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఆ లోహం సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. లేకపోతే మామూలు వాంతులనీ, కాలిన పుండనీ పొరబడే అవకాశం వుంది.