పురుగు తిన్న తిండే ఈగ బలం

సెలవులకు ఇంటికి పోయినప్పుడు "గొర్రె పుండులో పురుగులు పడ్డాయి" అనే మాట మనం వినే ఉంటాం. అవి ఊరికే పుట్టవు. పచ్చగా, నీలంగా మెరిసే మాంసపు ఈగ పెట్టిన గుడ్ల నుంచి వస్తాయి. ఎండకు ఒక్క రోజులోపే గుడ్డు పగులుతుంది.

ఈగకు నాలుగు దశలు: గుడ్డు, లార్వా, ప్యూపా, ఈగ. మనం పురుగు అనేది లార్వానే. ఎదుగుదలంతా అప్పుడే. రెక్కలొచ్చాక ఈగ ఇక పెద్దది కాదు.

శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కాలేయం, మాంసం, రక్తం పెట్టి ఈ పురుగులను పెంచి చూశారు. మాంసకృత్తులు కడుపునిండా దొరికిన పురుగు పెద్ద ఈగ అవుతుంది, గుడ్లూ ఎక్కువ పెడుతుంది. తిండి చాలనిది, కిక్కిరిసి పెరిగినది చిన్న ఈగ అవుతుంది, గుడ్లు తక్కువ. మరీ చాలకపోతే ప్యూపా కాకుండానే చస్తుంది.

ఈ తెలివి మేలూ చేసింది. పశువుల పుండ్లలో పడే స్క్రూవార్మ్ ఈగలను అమెరికావాళ్లు పెంచి, కిరణాలతో సంతానం లేకుండా చేసి వదిలారు. 1954లో కురసావ్ దీవిలో ఆ ఈగ లేకుండా పోయింది.

మరి మనమేం చేయాలి? కోడికూర వండిన రోజు పేగులు, ఎముకలు బయట పారేస్తే ఈగ పిల్లలకు మనమే విందు పెట్టినట్టు. గుంట తీసి లోతుగా పూడుద్దాం. ఎంగిలి బకెట్‌కు మూత పెడదాం. ఇంటి దగ్గర గొర్రెకు దెబ్బ తగిలితే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే పశువుల డాక్టరుకు చూపిద్దాం.