వంద రూపాయల పెట్రోల్

పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న బండి వాకిట్లో కదలకుండా ఉంది. మెకానిక్ చూసి, "పెట్రోల్ పంపు పోయింది. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పుతారా?" అన్నాడు. ఖర్చెంతో వినగానే నాన్న మొహం మారిపోయింది.

"పాత బండి పద్నాలుగేళ్లు తోలాను, ఎప్పుడూ రిజర్వులోనే. దానికి పంపే లేదు. దీనికెందుకురా? నువ్వు చదివేది ఇదే కదా?"

నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఐ.సి. ఇంజిన్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. అయినా నోరు పెగల్లేదు. ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీశాను.

పాత బండిలో ట్యాంకు పైన, కార్బ్యురేటర్ కింద. పెట్రోల్ తన బరువుకి తనే దిగుతుంది. పిస్టన్ గాలిని లాగినప్పుడు ఆ గాలి కార్బ్యురేటర్‌లో ఒక ఇరుకు దారి గుండా పోతుంది. అక్కడ వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. మనం చదివిన బెర్నౌలీ సూత్రమే. ఆ తగ్గిన పీడనానికి పెట్రోల్ జెట్‌లోంచి పైకొచ్చి గాలిలో కలుస్తుంది. కరెంటుతో పనిలేదు. కానీ అంతా చేతి అందాజు వంట. అందుకే చలికాలం పొద్దున్నే చోక్ లాగి గాలి తగ్గించాల్సి వచ్చేది.

కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సైలెన్సర్‌ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ పొగని బాగా శుభ్రం చేసేది ఈ నిష్పత్తికి దగ్గర్లో ఉన్నప్పుడే. అందాజు లెక్కకి అది కుదరదు. 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకి బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మామూలు బైకులకి కూడా అదే వచ్చింది.

ఇందులో సెన్సర్లు గాలి పీడనం, ఇంజిన్ వేడి, థ్రాటిల్ ఎంత తిప్పామన్నదీ చెప్తుంటాయి. ఈసీయూ లెక్కేసి ఇంజెక్టర్‌ని తెరుస్తుంది. ఎంత పెట్రోల్ పడాలన్నది, ఎంతసేపు తెరిచి ఉంచాలన్నదాన్ని బట్టే. 6000 ఆర్పీఎం దగ్గర ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక సైకిల్‌కి దొరికేది 20 మిల్లీసెకన్లే. కొలత అంతా కాలంతోనే కాబట్టి పీడనం స్థిరంగా ఉండి తీరాలి, సుమారు 3 బార్. అర మీటరు ఎత్తు నుంచి దిగే పెట్రోల్‌కి ఎంత వస్తుందో లెక్కేసి చూశాను. 0.04 బార్ కూడా రాలేదు!

నాన్న ప్రశ్నకి జవాబు అదే. అందుకే పంపు.

తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు 'జ్‌జ్' మని వినిపించేది దాని చప్పుడే. అది ట్యాంకులోనే, పెట్రోల్‌లో కూర్చుని ఉంటుంది. దాన్ని చల్లబరిచేదీ, అరక్కుండా కాపాడేదీ ఆ పెట్రోలే. పెట్రోల్ అడుగంటితే పంపు వేడెక్కుతుంది, మలుపుల్లో గాలి కూడా లాగుతుంది. పాత బండికి ఏమీ కాని అలవాటు కొత్త బండి ప్రాణం తీసింది.

పొద్దున్నే ఇదంతా చెప్పి, "ట్యాంకు నింపుకో నాన్నా" అన్నాను.

"రోజు కూలీ వాడిని, రోజుకి వంద కొట్టిస్తాను. ఎక్కడి నుంచి నింపను?"

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. కాసేపు ఆలోచించాను. "ఒక్కసారి రెండు లీటర్లు ఎక్కువ కొట్టిద్దాం. తర్వాత రోజూ వందే. అడుగున వంద పోసినా, దాని మీద వంద పోసినా కాలేది అంతే కదా."

నాన్న నవ్వాడు. "అంటే ఆ రెండు లీటర్లూ బండి దగ్గర అడ్వాన్సన్నమాట."

పంపు మార్పించాక ఆ అడ్వాన్సు నా హాస్టల్ ఖర్చుల్లోంచి నేనే కట్టాను. మీ ఇంట్లో కూడా ఇంజెక్షన్ బండి రిజర్వులో తిరుగుతుంటే, ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆ రెండు లీటర్ల సంగతి చూడండి.