అమ్మ గొంతు, నా సినిమా

సినిమా తీస్తున్నానంటే మా కరీంనగరంలో మొదట అడిగే ప్రశ్న "హీరో యెవరు?" అని. హీరో నేనే. మగపిల్లవాడై పుట్టి, మగపిల్లవాడి మీదే మనసుపడి, ఆ సంగతి యేళ్ల తరబడి కడుపులో దాచుకున్న చిన్నప్పటి నేను. యీ జవాబు విన్నాక రెండో ప్రశ్న వేసినవారు తక్కువ.

చిత్రం యిరవై అయిదు నిమిషాలు. పెట్టుబడి నా జీతంలో మిగిలింది, కెమెరా స్నేహితుడిది. డబ్బు లేదన్న దిగులు లేదు. పాత యింటి వీడియోలు ఏరి కూర్చి, జోనాథన్ కౌయెట్ అనే అమెరికా కుర్రవాడు 2003లో 'టార్నేషన్' తీశాడు. దానికి 218 డాలర్లే అయిందని ప్రతీతి! మాయింట్లో వీడియోలెక్కడివి? పెళ్లిళ్ల ఫోటోలు పది, వాటిలో సగం చెదలు తిన్నవి. కనుక జ్ఞాపకాలున్న చోట్లకే వెళ్లి తీయవలసివచ్చింది.

మొదటిది వేములవాడ. 2016లో సిరిసిల్ల జిల్లాలో చేరింది గాని, నా చిన్నతనంలో అది కరీంనగరం జిల్లాయే. శ్రీరామనవమినాడు రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. శివాలయంలో రాముడి పెళ్లేమిటని ఆశ్చర్యపోకండి. ఆ ముహూర్తానికే శివసత్తులు, జోగినులు, హిజ్రాలు శివుణ్ణి భర్తగా వరించి, ఒకరి తలమీద ఒకరు అక్షతలు పోసుకుంటారు. నా తొమ్మిదో యేట మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, చెయ్యి పట్టుకుని ఆ జనంలో నిలబడ్డాను. నుదుట పసుపు, చేతిలో త్రిశూలం, గొంతు మగగొంతు. అటువంటి ఒకామె నా నెత్తిన కూడా గుప్పెడు అక్షతలు పోసింది. బాపమ్మ ఆమెకు వంగి దండం పెట్టింది. వారం తిరక్కుండానే, తన చీర నేను చుట్టుకున్నానని అదే బాపమ్మ చీపురు తిరగేసింది. ఆమె సంగతీ నా సంగతీ ఒకటి కాదని పెద్దయ్యాక తెలిసింది. కాని ఆనాడు నా యీడు పిల్లలెంతోమంది వుండగా నా నెత్తినే యెందుకు పోసిందా అని చాలాకాలం ఆలోచించాను.

తర్వాత నాన్నకు ఆదిలాబాదు బదిలీ అయింది. అక్కడ దీపావళికి గోండుల దండారి. నెమలి యీకల టోపీలతో గుస్సాడీలు, వారి వెంట ఆడవేషాలు వేసిన కుర్రాళ్లు. యెవరూ నవ్వరు, గౌరవంగా చూస్తారు. సెలవులయ్యాక బడిలో నా నడక చూసి పిల్లలు పెట్టిన పేరు యిక్కడ రాయను. సినిమాలోనూ లేదు. నటించడానికి వచ్చిన పిల్లవాడి చేత ఆ మాట అనిపించబోయి, నోరు రాక మానుకున్నాను.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు యిటువంటి ప్రేమ నేరం కాదన్నది. ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు అన్నం వడ్డించి "తిను" అన్నది.

ఆ అమ్మ లేకుండా యీ చిత్రం లేదు. 1999లో నిషిత్ శరణ్ 'సమ్మర్ ఇన్ మై వీన్స్'లో తన తల్లికి సంగతి చెప్పడాన్నే కెమెరాలో పట్టాడు. ఆ ధైర్యానికి ముచ్చటపడ్డాను గాని, నేను మాత్రం ముందుగా అడిగాను.

"మంది చూస్తరు గద బిడ్డా. చెల్లె అత్తగారోళ్లు ఏమంటరు?"

దీనికి సుప్రీంకోర్టు దగ్గర కూడా జవాబు లేదు. నెల రోజుల తర్వాత తనే ఒప్పుకుంది: మొహం వద్దు, చేతులూ గొంతూ తీసుకోమంది. చింతపండు గింజలు తీస్తున్న చేతుల్ని రెండు గంటలు తీశాను. "నీ సంగతి నాకు ముందు నుంచే ఎరుకే. నువ్వు చెప్తవేమో అని భయపడ్డ" అన్నది, తల యెత్తకుండా.

కూర్చిన చిత్రం చూపిస్తే ఆ మాటకు అభ్యంతరం చెప్పలేదు. "బాపమ్మ చీపురుతోటి కొట్టిన ముక్క తీసెయ్. సచ్చిపోయినామె మీద ఎందుకు?" అన్నది.

తీయలేదింకా. పైగా యిక్కడ రాసేశాను. అమ్మ యీ పత్రిక సీరియల్ కోసం తెప్పించుకుంటుంది, యిదీ చదువుతుంది. శ్రీరామనవమికి యింటికి వెళుతున్నాను. కొత్త చింతపండు వచ్చి వుంటుంది.