లాప్‌టాప్ లేవకపోతే ఫైళ్ళు పోయినట్టేనా?

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో లాప్‌టాప్ మొరాయించింది. మా అమ్మ మనవరాలికి చెప్పిన కథల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. "అమ్మమ్మ గొంతు మళ్ళీ వినలేమా?" అని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పిల్లలూ, లాప్‌టాప్ ఇల్లయితే, ఫైళ్ళుండే డిస్కు అందులో బీరువా లాంటిది. వీధి తలుపు తెరుచుకోనంత మాత్రాన బీరువాలో నగలు పోవు కదా!

ముందు చార్జర్ మార్చి చూడండి. పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కిపట్టి వదిలి, మళ్ళీ నొక్కండి. తెర నల్లగానే ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. చెడింది తెర ఒక్కటే కావచ్చు.

విండోస్ చెడితే, ఇంకో కంప్యూటర్‌లో ఉబుంటును యూఎస్‌బీ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా దానితోనే లాప్‌టాప్ నడిపి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు. అసలు ప్రాణమే లేకపోతే, చార్జర్, బ్యాటరీ తీసేసి, డిస్కు విప్పి, దానికి సరిపోయే యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలించాలి. మేము చేసింది ఇదే. కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది. అవి నిపుణుల పని. బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి.

రెండు జాగ్రత్తలు: డిస్కు టక్‌టక్‌మంటే వెంటనే ఆపేయండి. ఫైళ్ళు బయటికి తియ్యకుండా విండోస్ మళ్ళీ ఎక్కించకండి.

ఆ రాత్రి అమ్మ గొంతు "అనగనగా..." అంటే మా అమ్మాయి "ఊఁ" కొట్టింది. ఇప్పుడా కథలు మూడు చోట్ల ఉన్నాయి. మీ ఇంటి కథలు ఎన్ని చోట్ల ఉన్నాయి?